హెచ్‌ఐవీ మాత్రతో పాటు గ్యాస్ మందు వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 41. కూకట్‌పల్లిలో ఉంటాను. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్‌లో ఇచ్చే టీఎల్‌డీ అనే హెచ్‌ఐవీ మాత్ర రోజూ రాత్రి తొమ్మిదింటికి వేసుకుంటాను. రెండు నెలలుగా ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. మెడికల్ షాపులో పొద్దున పరగడుపున పాంటాప్రజోల్, రాత్రి భోంచేశాక యాంటాసిడ్ సిరప్ వాడమన్నారు. నాకు హెచ్‌ఐవీ ఉందని అక్కడ చెప్పలేదు. ఇబ్బందేమైనా ఉంటుందా?

సమాధానం: పాంటాప్రజోల్ గురించి టెన్షన్ వద్దు. టీఎల్‌డీకి అది అడ్డు రాదు. చిక్కంతా సిరప్‌తోనే. సీసా మీద లేబుల్ చూడండి, అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అని ఉంటుంది. టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్ పేగుల్లో ఈ లోహాలకు అతుక్కుపోయి, రక్తంలోకి సరిగా చేరదు. మాత్ర వేసుకున్నామన్న ధీమా ఉంటుంది కానీ, ఒంటికి పట్టే మందు తగ్గుతుంది. ఇలాగే సాగితే వైరస్ మళ్లీ పెరగొచ్చు, మందుకు లొంగకుండా మొండికేయొచ్చు.

కాబట్టి సిరప్‌కు కనీసం 2 గంటల ముందు గానీ, తాగిన 6 గంటల తర్వాత గానీ టీఎల్‌డీ వేసుకోవాలి. మీకు సిరప్ అవసరం రాత్రిపూటే కాబట్టి, మాత్రను పొద్దుటికి మార్చుకోవడం తేలిక. టిఫిన్‌కు ముందైనా, తర్వాతైనా పర్వాలేదు. మార్చే రోజు ఎలా వేసుకోవాలో మాత్రం సెంటర్‌లో అడగండి. అల్సర్‌కు ఇచ్చే సుక్రాల్ఫేట్‌లోనూ అల్యూమినియం ఉంటుంది. ఐరన్, కాల్షియం మాత్రలకూ ఇదే ఎడం పాటించాలి. అయితే భోజనంతో పాటయితే ఐరన్, కాల్షియం మాత్రలను టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు.

ఈ సలహా అందరికీ వర్తించదు. అటాజనావిర్ అనే మరో హెచ్‌ఐవీ మందు ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి. అది వాడేవారు డాక్టర్‌ను అడగకుండా పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ ముట్టుకోకూడదు. రిల్పివిరిన్ అనే హెచ్‌ఐవీ మాత్రలు వాడేవారికైతే ఇవి అసలే పనికిరావు.

షాపులో చెప్పడానికి మీరెందుకు జంకారో అర్థమవుతోంది. అక్కడ చెప్పక్కర్లేదు కూడా. ఏ మందు కొన్నా ముందు స్ట్రిప్ ఫొటో మీ ఏఆర్‌టీ డాక్టర్‌కు చూపించండి. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష ఎప్పుడు చేయించాలో కూడా అప్పుడే అడగండి. వెంటనే వెళ్లలేకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితం.

ఇక, రెండు నెలలుగా తగ్గని మంటను షాపు మందులతో నెట్టుకురావద్దు. గ్యాస్ట్రో డాక్టర్‌ను కలవండి, టీఎల్‌డీ సంగతి ఆయనకు చెప్పండి. దాన్ని గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. మింగుతుంటే నొప్పి, నల్లటి విరేచనం, బరువు తగ్గడం లాంటివి ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.