టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ గ్రేడు ‘ఏ’ నుంచి ‘బీ’కి పడితే అక్కడ ఇల్లు కొనొద్దా?

బాబుతో న్యూజెర్సీ నుంచి డాలస్ వైపు వస్తున్నామని, నచ్చిన ఇల్లు ఉన్న స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లన్నీ నడిపే సంస్థ) రాష్ట్రం ఇచ్చే గ్రేడుల్లో 2022లో ‘ఏ’ ఉండి 2025లో ‘బీ’ వచ్చిందని, పక్క డిస్ట్రిక్ట్‌కి ‘ఏ’ ఉన్నా ఇళ్లు బాగా ఖరీదని రాశారు. ఆ ఒక్క అక్షరం కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. మా పిల్లలిద్దరూ ఇక్కడ రెండు వేరువేరు డిస్ట్రిక్టుల్లో చదివారు. ఒక స్కూల్లో పేరెంట్ సభ్యురాలిగా కమిటీలో కూర్చుని ఈ గ్రేడుల రిపోర్టులు లైను లైను చదివాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ముందు మీ టెన్షన్ సంగతి. 2022కీ 2025కీ మధ్య లెక్క కట్టే పద్ధతే మారింది. హైస్కూల్ పూర్తి చేసినవాళ్లలో ఎంతమంది కాలేజీకో, ఉద్యోగానికో, మిలిటరీకో సిద్ధంగా ఉన్నారో చూసే అంశం ఒకటి ఉంది, దాన్ని సీసీఎంఆర్ అంటారు. అందులో ‘ఏ’ రావడానికి ఇదివరకు 60 శాతం మంది సరిపోయేవారు. 2023 లెక్క నుంచి 88 శాతం కావాలన్నారు. పిల్లలు అప్పటిలాగే చదువుతున్నా గ్రేడు కిందికి జారిన డిస్ట్రిక్టులు ఉన్నాయి. వందకు పైగా డిస్ట్రిక్టులు దీనిమీద కోర్టుకెళ్లాయి. ఆ గొడవతో 2023 గ్రేడులు 2025 ఏప్రిల్‌లో గానీ బయటికి రాలేదు. 2024, 2025 గ్రేడులను టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ 2025 ఆగస్టు 15న ఒకేసారి ఇచ్చింది. కాబట్టి 2022 పక్కన 2025 పెట్టి చూడకండి. 2023, 2024, 2025 పక్కపక్కన పెట్టి చూడండి. ఆ మూడేళ్లలోనూ పడుతూ వస్తుంటే అప్పుడు ఆలోచించాలి.

రెండోది, డిస్ట్రిక్ట్ గ్రేడు అంటే దాని కింద ఉన్న స్కూళ్ల మార్కుల సగటు. 3 నుంచి 12వ తరగతి వరకు పిల్లలు ఎక్కువున్న స్కూలుకి ఎక్కువ బరువు ఇచ్చి లెక్కేస్తారు. మీ బాబు వెళ్లేది మాత్రం ఒక్క స్కూలుకి, కాబట్టి ఆ స్కూలు రిపోర్టు తెరవండి. ఊరి పేరు చూసి డిస్ట్రిక్ట్ ఇదే అనుకోకండి, ఇక్కడ ఊరి హద్దులు వేరు, డిస్ట్రిక్ట్ హద్దులు వేరు. వ్యాలీ రాంచ్ అనే కాలనీ అర్వింగ్ ఊళ్లో ఉంటుంది, అక్కడ చాలా ఇళ్ల పిల్లలు మాత్రం కొపెల్ డిస్ట్రిక్ట్‌కి వెళ్తారు. ప్లేనోలో కొన్ని వీధులు ఫ్రిస్కో డిస్ట్రిక్ట్ కిందికి వస్తాయి.

ఇక అసలు విషయం, గ్రేడు ఎలా వస్తుందో. మూడు విభాగాలుంటాయి. రాష్ట్రం ఏటా పెట్టే స్టార్ పరీక్షలో పిల్లలు ఎంత తెచ్చుకున్నారన్నది ఒకటి (హైస్కూల్ అయితే సీసీఎంఆర్, ఎంతమంది గ్రాడ్యుయేట్ అయ్యారన్నదీ కలుపుతారు). పోయినేడాదితో పోలిస్తే ఎంత ముందుకెళ్లారు, తమలాంటి పిల్లలే ఉన్న స్కూళ్లతో పోలిస్తే ఎలా ఉన్నారన్నది రెండోది. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు, పేద పిల్లలు ఇలా ఒక్కో గుంపూ ఎలా ఉందన్నది మూడోది. మొదటి రెండింటిలో ఏది ఎక్కువుంటే దాన్నే 70 శాతానికి తీసుకుంటారు. మిగతా 30 శాతం మూడోదానికి.

ఆ ‘ఏది ఎక్కువుంటే అది’ దగ్గరే మన తల్లిదండ్రులు ఆగి చూడాలి. ఊరికే ఉదాహరణకి, ఒక స్కూలుకి మార్కుల్లో 94, ముందుకెళ్లడంలో 78, గుంపుల విభాగంలో 90 వచ్చాయనుకోండి. మొత్తం 93, గ్రేడు ‘ఏ’. ఆ 78 లెక్కలోకే రాలేదు. ఇంకో స్కూలుకి మార్కుల్లో 79, ముందుకెళ్లడంలో 91, గుంపుల్లో 84 అనుకోండి. మొత్తం 89, గ్రేడు ‘బీ’. మన వాట్సాప్ గ్రూపుల్లో మొదటిదాని పేరే మోగిపోతుంది. పిల్లల్ని చేయిపట్టి ఒక మెట్టు పైకి తీసుకెళ్తున్నది మాత్రం రెండోదే. నన్నడిగితే మా పిల్లల్ని రెండోదానికే పంపుతాను.

ఇంకో సంగతి కూడా ఉంది. స్టార్‌లో అన్నిటికంటే పై స్థాయి ‘మాస్టర్స్’. పోయినేడాది ఆ స్థాయిలో ఉన్న పిల్ల ఈ ఏడాదీ అక్కడే ఉంటే స్కూలుకి పూర్తి పాయింటు వస్తుంది. అంతకు పైన ఆ పిల్ల ఎంత నేర్చుకుందో ఈ లెక్కకి కనిపించదు. మన ఇళ్లలో కూమాన్ ట్యూషన్‌కో మ్యాథ్ క్లాసులకో పంపి, పిల్లల్ని ముందే ఆ స్థాయికి తెచ్చేసినవాళ్లు చాలామంది. అలాంటి పిల్లలకి స్కూలు కొత్తగా ఏం నేర్పుతోందో ఏ గ్రేడూ చెప్పదు. మా పెద్దమ్మాయి చదివిన స్కూలుకి మంచి పేరే ఉండేది. నాలుగో తరగతిలో మార్చి నుంచి రీడింగ్, మ్యాథ్ ప్రాక్టీస్ పేపర్లే, సైన్స్ పాఠాలు బాగా పల్చబడ్డాయి. రాష్ట్రం సైన్స్ పరీక్ష పెట్టేది 5లో, 8లో, ఆ తర్వాత హైస్కూల్ బయాలజీలో. నాలుగులో లేదు. ఆ తరగతిలో సైన్స్ తగ్గితే ఆ ఏడాది గ్రేడుకి ఏమీ కాదు, నష్టం పిల్లలకే. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

చేర్పించేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, పిల్లాడికి ముద్ర పడుతుంది, ఇంగ్లిష్ అనే రాసేయండి అని చాలామంది సలహా ఇస్తారు. దయచేసి ఉన్నది ఉన్నట్టు రాయండి. మా చిన్నవాడికి మేం తెలుగు అనే రాశాం. పరీక్ష పెట్టారు, సాయం అవసరమన్నారు, అందుకోసం పెట్టిన ఇంగ్లిష్ తరగతి వాడికి బాగా ఉపయోగపడింది. ఆ మూడో విభాగం ఉన్నదే ఇలాంటి పిల్లల్ని సగటు చాటున దాచేయకుండా ఉండడానికి. మీ బాబుకి ఇంగ్లిష్ ఇంకా పట్టుబడాల్సి ఉంటే, ‘ఏ’, ‘బీ’ కంటే ముందు ఆ గుంపు ఫలితం చూడండి.

పేద పిల్లలు ఎక్కువున్న స్కూలంటే మనవాళ్లు చాలామంది రిపోర్టు కూడా తెరవరు. ఇది నాకు అస్సలు నచ్చదు. అలాంటి స్కూలుని అలాంటి స్కూళ్లతోనే పోల్చి చూసే భాగం రెండో విభాగంలోనే ఉంది. దానిలో మంచి మార్కులు తెచ్చుకున్న స్కూలు అంటే అక్కడి టీచర్లు నిజంగా కష్టపడుతున్నారని అర్థం. ఉత్త మార్కుల విభాగంలో మాత్రం ఇంటి ఆదాయం చాలావరకు తొంగిచూస్తుంది.

అలాగని ఈ గ్రేడులు దండగ అనడం లేదు. ఒక స్కూలు వరసగా ఐదేళ్లు తప్పుతూ ఉంటే రాష్ట్రం ఆ స్కూలుని మూయించాలి, లేదా డిస్ట్రిక్ట్ బోర్డునే పక్కనపెట్టి తన మనుషుల్ని కూర్చోబెట్టాలి. 2023 జూన్‌లో హ్యూస్టన్ డిస్ట్రిక్ట్‌ని అలాగే చేతిలోకి తీసుకుంది. ఆ కథ ఒక్క హైస్కూల్ దగ్గర మొదలైంది. పిల్లల్ని గాలికొదిలేసిన చోట ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా, ఈ గ్రేడు ఆ పనికోసం పుట్టింది. ఇళ్ల ధరలు తేల్చడానికి కాదు. 2027–28 నుంచి స్టార్ కూడా పోయి, ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు వస్తాయి. అప్పుడు పాత గ్రేడులతో పోలిక మళ్లీ కష్టమే.

కాబట్టి రాష్ట్రం నడిపే టీఎక్స్ స్కూల్స్ సైట్‌లో ఆ ఇంటికి వచ్చే ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ వెతికి, 70 శాతానికి ఏ విభాగం మార్కు తీసుకున్నారో రాసుకోండి. తర్వాత స్కూలుకి ఫోన్ చేసి టూర్ అడగండి. నాలుగో తరగతిలో వారానికి సైన్స్ ఎంతసేపో, ముందే వచ్చిన పిల్లలకి మ్యాథ్‌లో ఏం ఇస్తారో అడగండి. ఆ ఇంటిని వేరే స్కూలుకి మార్చే ఆలోచన ఏమైనా ఉందా అని డిస్ట్రిక్ట్ ఆఫీసులోనూ అడగండి. కొత్త ఇళ్లు లేస్తున్న చోట ఏ ఇంటికి ఏ స్కూలో చెప్పే జోన్లు తరచూ మారుస్తుంటారు. ఇవన్నీ ఆప్షన్ పీరియడ్ (ఇల్లు కొనే ఒప్పందం రాసుకున్నాక వెనక్కి తగ్గడానికి ఉండే గడువు) అయిపోకముందే తేల్చుకోండి, ఆ తర్వాత వెనక్కి తగ్గితే అడ్వాన్సుగా కట్టిన డబ్బు పోవచ్చు.