పాఠకుల ప్రశ్నలు – వంటింటి జవాబులు: రూబెన్ శాండ్‌విచ్‌తో క్యాసరోల్

గత సంచికలో అమెరికన్ డెలీ (వండిన మాంసాలు, చీజ్, శాండ్‌విచ్‌లు అమ్మే దుకాణం) శాండ్‌విచ్‌ల గురించి రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం రూబెన్ శాండ్‌విచ్‌ను ఓవెన్‌లో క్యాసరోల్‌గా చేయడం గురించే ఉన్నాయి. రై ధాన్యపు బ్రెడ్ ముక్కల మధ్య ఊరవేసిన గొడ్డు మాంసం, స్విస్ చీజ్, పులియబెట్టిన క్యాబేజీ, మయొనైజ్ కలిపిన డ్రెస్సింగ్ పెట్టి కాల్చేది రూబెన్; పదార్థాలను పొరలుగా పేర్చి పాత్రలోనే బేక్ చేసేది క్యాసరోల్. ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: రూబెన్ శాండ్‌విచ్ మా ఇంటిల్లిపాదికీ ఇష్టమే. కానీ ఆరుగురికి ఒక్కొక్కటిగా పెనం మీద కాల్చేసరికి మొదటిది చల్లారిపోతోంది. అందుకని అవే పదార్థాలను ఒక పెద్ద పాత్రలో పొరలుగా పేర్చి ఓవెన్‌లో పెట్టాను. పైనున్న బ్రెడ్ మాడింది, అడుగుది ముద్దయింది, గరిటెతో తీయగానే పాత్ర మూలల్లో పుల్లని నీళ్లు తేలాయి. నా పొరపాటు ఎక్కడ జరిగింది? కొలతలతో సహా చెప్పగలరా?

జవాబు: మీరు ఎంచుకున్న పదార్థాలలో తప్పేమీ లేదు, తప్పింది నీటి లెక్క మాత్రమే. శాండ్‌విచ్ వేడి పెనం మీద ఉండేది కొద్ది నిమిషాలే కాబట్టి లోపలి తడి బ్రెడ్‌లోకి ఇంకేలోపే అది పళ్లెంలోకి వచ్చేస్తుంది. క్యాసరోల్ ముప్పావు గంట ఓవెన్‌లో ఉంటుంది. ఆ ముప్పావు గంటలో సావర్‌క్రౌట్, అంటే ఉప్పు వేసి పులియబెట్టిన క్యాబేజీ తురుము, తనలోని పులుపునీటిని వదులుతుంది, మాంసం తన రసాన్ని వదులుతుంది, మయొనైజ్ విరిగి నూనె వదులుతుంది. ఇవన్నీ చేరేది అడుగునున్న బ్రెడ్‌లోకే. కాబట్టి ఈ వంటలో పని ఎక్కువగా ఓవెన్ వెలిగించక ముందే జరగాలి.

మొదట బ్రెడ్ సంగతి చూద్దాము. ఆరు నుంచి ఎనిమిది మందికి, 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న పాత్రకు 400 గ్రాముల రై బ్రెడ్ సరిపోతుంది. దానిని సుమారు అంగుళం ముక్కలుగా కోసి, ట్రేలో పరిచి, 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర పావుగంట సేపు ఆరనివ్వాలి. రంగు మారనవసరం లేదు, వేలితో నొక్కితే గట్టిగా తగిలితే చాలు. ఆరిన బ్రెడ్ మనం పోసే గుడ్డు పాల మిశ్రమాన్ని పీల్చుకుని కూడా ఆకారం నిలుపుకుంటుంది, తాజా బ్రెడ్ అయితే అదే మిశ్రమంలో నానగానే నలిగిపోతుంది.

రెండవది సావర్‌క్రౌట్. 450 గ్రాములు తీసుకుని జల్లెడలో వడకట్టి, ఆ తరువాత శుభ్రమైన పలుచని గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండండి. నా వంటింట్లో ఇలా పిండినప్పుడు అర కప్పుకు పైగా నీరు వస్తుంది. మీ పాత్ర మూలల్లో తేలింది ఆ నీరే. పిండిన క్యాబేజీని చెంచా వెన్నలో ఐదు నిమిషాలు వేయించితే మిగిలిన తడి ఆవిరైపోతుంది, పులుపు ఘాటు కూడా తగ్గుతుంది. ఇది అదనపు శ్రమ అనిపించవచ్చు కానీ, ఈ వంటలో దేనిని వదిలేసినా దీనిని మాత్రం వదలవద్దని నా సలహా.

ఇక పేర్చే పద్ధతి. వెన్న రాసిన పాత్రలో బ్రెడ్ ముక్కలలో మూడింట రెండు వంతులు పరచండి. మూడు గుడ్లను 300 మిల్లీలీటర్ల పాలతో, ఒక టీ స్పూను ఆవపిండి ముద్దతో గిలకొట్టి బ్రెడ్ మీద సమంగా పోసి పది నిమిషాలు నాననివ్వండి. ఇందులో ఉప్పు వేయకండి. మాంసంలో, క్యాబేజీలో, చీజ్‌లో, డ్రెస్సింగ్‌లో ఉన్న ఉప్పే ఎక్కువ. నానిన బ్రెడ్ మీద, 250 గ్రాముల స్విస్ చీజ్ తురుములో సగం చల్లండి. ఆ పైన సన్నగా తరిగిన 450 గ్రాముల ఉడికిన కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరవేసిన గొడ్డు మాంసం), దాని మీద క్యాబేజీ, పలుచగా డ్రెస్సింగ్ (దీని కొలతలు తరువాతి జవాబులో ఉన్నాయి), మిగిలిన చీజ్ రావాలి. చీజ్‌ను బ్రెడ్ మీదే వేయడంలో ఒక ఉద్దేశం ఉంది. కరిగిన చీజ్‌లోని కొవ్వు పైనుంచి దిగే పులుపునీటిని కొంతవరకు అడ్డుకుంటుంది. పులుపు నేరుగా పాలలో కలిస్తే పాలు విరిగి, అడుగుపొర పలుకులు పలుకులుగా తయారవుతుంది. మిగిలిన మూడవ వంతు బ్రెడ్ ముక్కలను 40 గ్రాముల కరిగించిన వెన్నలో, ఒక టీ స్పూను కారవే గింజలతో (జీలకర్రను పోలిన సుగంధ గింజలు) కలిపి అన్నింటికంటే పైన పరచండి.

180 డిగ్రీల దగ్గర మొదటి 25 నిమిషాలు ఫాయిల్ మూసి, తరువాతి 20 నిమిషాలు ఫాయిల్ తీసి బేక్ చేయండి. మీ బ్రెడ్ మాడడానికి కారణం మొదటినుంచీ మూత లేకపోవడమే అయివుంటుంది. ఫాయిల్‌ను గుడారంలా కాస్త ఎత్తుగా కప్పితే చీజ్ దానికి అంటుకోదు. వంట థర్మామీటర్ ఉన్నవారు పాత్ర మధ్యలో గుచ్చి 71 డిగ్రీలు దాటిందో లేదో చూసుకోవచ్చు. గుడ్డు కలిసిన వంటకాలు సురక్షితంగా ఉడికాయని చెప్పడానికి అమెరికా ఆహార భద్రతా నియమాలు సూచించే ఉష్ణోగ్రత అది. బయటికి తీశాక పది, పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచండి. ఈలోపు గుడ్డు మిశ్రమం గట్టిపడి ముక్కలు తీరుగా వస్తాయి. ఆకలి మీద ఉన్నవారికి ఈ పదిహేను నిమిషాలే అన్నింటికంటే కష్టమైన భాగం.

ప్రశ్న: డ్రెస్సింగ్‌ను ఇంట్లోనే చేసి మొత్తం లోపల పోశాను. క్యాసరోల్ పైన నూనె తేలింది. చీజ్ చెడిపోయిందని మా అత్తగారు, డ్రెస్సింగ్ వల్లనే అని నేను. ఎవరిది నిజం?

జవాబు: ఇద్దరిదీ కొంత కొంత నిజం అయినా, పెద్ద వాటా డ్రెస్సింగ్‌దే. మయొనైజ్ అంటే గుడ్డు పచ్చసొన సాయంతో నూనెను సన్నని బిందువులుగా విడగొట్టి పట్టి ఉంచిన మిశ్రమం. ఎక్కువసేపు వేడి తగిలితే ఆ పట్టు సడలి నూనె బయటపడుతుంది. అర కప్పు మయొనైజ్, రెండు టేబుల్ స్పూన్ల టమాటా కెచప్, రెండు టేబుల్ స్పూన్ల సన్నగా తరిగిన ఊరవేసిన దోసకాయ, కొద్దిగా నిమ్మరసం కలిపితే ఈ పాత్రకు తగిన డ్రెస్సింగ్ వస్తుంది. అందులో సగమే లోపల వేసి, మిగిలిన సగాన్ని వడ్డించేటప్పుడు చల్లగా పైన వేయండి. వేడి ముక్క మీద చల్లని డ్రెస్సింగ్ పడినప్పుడే రూబెన్ రుచి నాలుకకు స్పష్టంగా అందుతుందని నా అభిప్రాయం.

మీ అత్తగారి మాటకు వస్తే, చీజ్ చెడిపోవడం వేరు, అతిగా కాగడం వేరు. స్విస్ చీజ్ చక్కగా కరిగే రకమే అయినా ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే దానిలోని కొవ్వు విడిపోయి, మిగిలినది రబ్బరులా సాగుతుంది. మన పద్ధతిలో చీజ్ పైన బ్రెడ్ పొర ఉండడానికి కారణం ఇదే. చీజ్ గడ్డను కొని అప్పటికప్పుడు తురుముకోవడం మంచిది. తురిమి ప్యాకెట్లలో అమ్మే చీజ్‌కు, తురుము అంటుకోకుండా పిండిపదార్థం వంటిది పట్టిస్తారు. దాని వల్ల అది కరిగినా నున్నగా కలవదు.

ప్రశ్న: ఈ శాండ్‌విచ్‌కు పేరు ఇచ్చిన రూబెన్ ఎవరు?

జవాబు: ఈ పేరు కోసం అమెరికాలో రెండు నగరాలు పోటీ పడుతున్నాయి. నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరవాసుల కథనం ప్రకారం, 1920ల ప్రాంతంలో బ్లాక్‌స్టోన్ హోటల్‌లో పేకాటకు చేరే మిత్రబృందంలోని రూబెన్ కులకోఫ్‌స్కీ అనే కిరాణా వ్యాపారి దీనికి కారకుడు. ఆ హోటల్ భోజన పట్టికలో ఇది చోటు సంపాదించింది. అక్కడ పనిచేసిన ఫెర్న్ స్నైడర్ 1956లో ఒక జాతీయ శాండ్‌విచ్ పోటీలో ఇదే వంటకంతో గెలవడంతో దేశమంతటా పేరు వచ్చింది. న్యూయార్క్ వారు మాత్రం ఆర్నాల్డ్ రూబెన్ అనే డెలీ యజమాని 1914లోనే రూబెన్ స్పెషల్ చేశాడంటారు. అయితే ఆ స్పెషల్‌లో వాడినట్లు చెప్పే పదార్థాలు హ్యామ్ (ఊరవేసిన పంది మాంసం), టర్కీ మాంసం, కోల్‌స్లా (మయొనైజ్ కలిపిన పచ్చి క్యాబేజీ తురుము). కార్న్‌డ్ బీఫ్, సావర్‌క్రౌట్ అందులో లేవు. పేరు ఎవరిదైనా, మనం ఈనాడు తింటున్న శాండ్‌విచ్‌కు ఒమాహా కథే దగ్గరగా కనిపిస్తుంది.

ఒక చిన్న విశేషం కూడా చెప్పాలి. దీనిని యూదుల డెలీ వంటకంగా చాలామంది భావిస్తారు. కానీ మాంసాన్ని, పాల పదార్థాన్ని కలిపి తినరాదన్నది యూదుల ఆహార నియమం. మాంసం మీద చీజ్ వేసే ఈ శాండ్‌విచ్ ఆ నియమానికి విరుద్ధం.

ప్రశ్న: కార్న్‌డ్ బీఫ్ అని ప్యాకెట్ మీద ఉంటే కొని, ముక్కలు కోసి నేరుగా పాత్రలో వేశాను. గంటసేపు బేక్ చేసినా తోలులా ఉంది. పైగా అందులో మొక్కజొన్న ఎక్కడా కనిపించలేదు.

జవాబు: మొక్కజొన్నకు ఇందులో పని లేదు. పాత ఇంగ్లీషులో కార్న్ అనే మాటకు గింజ, పలుకు అని అర్థం. మాంసాన్ని ఊరవేయడానికి వాడే రాతి ఉప్పు పలుకులను బట్టి ఆ పేరు వచ్చింది. మీరు కొన్నది ఊరవేసిన పచ్చి మాంసం. ఉడికినా గులాబి రంగులోనే ఉండేటట్లు చేసేది ఊరబెట్టేటప్పుడు కలిపే నైట్రైట్ అనే లవణం కాబట్టి రంగును చూసి ఉడికిందో లేదో చెప్పలేము. పశువు రొమ్ము భాగంలోని ఈ మాంసంలో గట్టి నార ఎక్కువ. అది మెత్తబడాలంటే నీటిలో సన్నని మంట మీద మూడు గంటల వరకు ఉడకాలి. క్యాసరోల్‌కు డెలీలో ఉడికించి కోసి ఇచ్చే మాంసం కొనడమే సులువు. ఇంట్లోనే ఉడికించేవారు మొదటి నీటిని ఒక పొంగు రాగానే పారబోసి కొత్త నీరు పోస్తే ఉప్పు కొంత తగ్గుతుంది. చల్లారిన తరువాత నారకు అడ్డంగా కోయాలి, నిలువుగా కోస్తే ఎంత ఉడికినా నమలడం కష్టమే.

ప్రశ్న: మేము గొడ్డు మాంసం తినము. మా అమ్మాయి అసలు మాంసమే తినదు. ఒకే పాత్రలో అందరికీ కుదిరే మార్గం ఉందా?

జవాబు: ఉంది. కార్న్‌డ్ బీఫ్ బదులు టర్కీని, సావర్‌క్రౌట్ బదులు కోల్‌స్లాను పెట్టి చేసే శాండ్‌విచ్‌ను అమెరికాలో రేచెల్ అంటారు. కొందరు టర్కీ బదులు పస్త్రామీ (ఊరవేసి పొగపెట్టిన మాంసం) వాడతారు గానీ అది సాధారణంగా గొడ్డు మాంసంతోనే చేస్తారు కాబట్టి కొనేముందు అడిగి తెలుసుకోవాలి. క్యాసరోల్‌లో మాత్రం టర్కీతో కూడా సావర్‌క్రౌట్‌నే ఉంచండి. మయొనైజ్ కలిసిన కోల్‌స్లా ఓవెన్ వేడికి నీళ్లోడిపోతుంది.

మీ అమ్మాయి కోసం పుట్టగొడుగులు మంచి ఎంపిక. 500 గ్రాముల పుట్టగొడుగులను ముక్కలు చేసి, వెడల్పాటి పెనంలో నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేవరకు వేయించి, మిరియాలు, వెల్లుల్లి, స్మోక్డ్ పాప్రికా అనే పొగ వాసన గల మిరపపొడి వేయండి. నీరు ఇగరకముందే దించితే మొదటి ఉత్తరంలోని సమస్యే మళ్లీ వస్తుంది. పాత్రలో సగానికి టర్కీ, సగానికి పుట్టగొడుగులు పరచవచ్చునని పుస్తకాలలో చెబుతారు గానీ, మాంసరసం పక్కకు పాకుతుంది కనుక అమ్మాయికి విడిగా చిన్న పాత్రలో చేయడమే సరైన పని.

ప్రశ్న: సావర్‌క్రౌట్‌లోని మేలు చేసే బాక్టీరియా బేక్ చేసిన తరువాత కూడా ఉంటుందా? పులుపు తగ్గించాలంటే కడగవచ్చా?

జవాబు: ఉండదు, ఆ వేడికి చనిపోతుంది. బాక్టీరియా తయారుచేసిన లాక్టిక్ ఆమ్లం, దానితో వచ్చే పులుపు మాత్రం మిగులుతాయి. బతికున్న బాక్టీరియా కావాలనుకుంటే ఒక చెంచా పచ్చి సావర్‌క్రౌట్‌ను పళ్లెంలో పక్కన పెట్టుకోండి. పులుపు గిట్టని పిల్లలుంటే ఒక్కసారి చల్లని నీటితో కడిగి పిండవచ్చు. రెండు మూడుసార్లు కడిగితే అది ఉడికిన క్యాబేజీగా మిగులుతుంది. కొవ్వు, ఉప్పు ఇంతగా ఉన్న ఈ వంటకాన్ని తినగలిగేలా చేసేది ఆ పులుపే.

ప్రశ్న: ముందురోజు రాత్రే సిద్ధం చేసి మరునాడు బేక్ చేయవచ్చా? మిగిలితే ఎన్నాళ్లు ఉంటుంది?

జవాబు: చేయవచ్చు గానీ సగం పనే చేయండి. అడుగు బ్రెడ్‌ను గుడ్డు పాలలో నానబెట్టి, మొదటి చీజ్ పొర, మాంసం వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. క్యాబేజీని, డ్రెస్సింగ్‌ను విడి గిన్నెలలో పెట్టుకోండి. ఎండబెట్టిన పై బ్రెడ్ ముక్కలను డబ్బాలో బయటే ఉంచి, వెన్న మాత్రం ఉదయం కలపండి. చల్లగా ఉన్న పాత్రకు మరో పది, పదిహేను నిమిషాలు అదనంగా పడుతుంది. గాజు పాత్ర అయితే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టవద్దు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారితే గాజు పగిలిపోవచ్చు. రాత్రి నిల్వకు లోహపు పాత్ర మేలు, కానీ పూత లేని అల్యూమినియం పాత్ర పులుపుకు పనికిరాదు.

మిగిలిన దానిని రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు, నాలుగు రోజులు ఉంటుంది. తిరిగి వేడి చేసేటప్పుడు ఫాయిల్ మూసి, లోపలి భాగం 74 డిగ్రీలకు చేరేవరకు ఓవెన్‌లో ఉంచి, చివరి ఐదు నిమిషాలు ఫాయిల్ తీయండి. మైక్రోవేవ్‌లో వేడెక్కుతుంది గానీ పై బ్రెడ్ మెత్తబడిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టవద్దు. గుడ్డు పాల పొర కరిగేటప్పుడు నీరు వదులుతుంది, మీరు మొదటిరోజు పిండిన శ్రమంతా వృథా అవుతుంది.