పసిపిల్లలతో సింగపూర్ ప్రయాణం

ప్రశ్న: మాకు నాలుగేళ్ల పాప, పది నెలల బాబు ఉన్నారు. సంక్రాంతి సెలవులకు సింగపూర్ వెళ్దామనుకుంటున్నాం. బాబు విమానంలో తట్టుకోలేడని మా అత్తగారు బెంగపడుతున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అత్తగారి బెంగ సహజమేనమ్మా. అయితే హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానమైతే ప్రయాణం నాలుగున్నర గంటలే కాబట్టి, పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించి నిశ్చింతగా బయలుదేరవచ్చు. పసివాళ్లను ఎక్కువగా బాధపెట్టేది చెవి నొప్పి. విమానం కిందికి దిగుతున్నప్పుడు గాలి ఒత్తిడి మారుతుంది. ఆ సమయంలో బాబుకు పాలు పడితే, గుటక వేసినప్పుడల్లా చెవిలోని ఒత్తిడి సర్దుకుంటుంది. అందుకే ఆ పాలపూటను దిగే వేళకు అట్టిపెట్టుకోండి. జలుబు ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా విమానం ఎక్కించవద్దు.

పసిబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు, వీసా తప్పనిసరి. పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. రాక వివరాల కార్డును ప్రయాణానికి 3 రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపవచ్చు.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది గనుక, మొదటి రోజు పిల్లలు పొద్దెక్కేదాకా పడుకుంటే లేపకండి. జనవరిలో వానలు పడవచ్చు. తోపుడు బండికి వాన కవరు తీసుకెళ్లండి. ఇంట్లో చేసిన ఉగ్గు పొడి చిన్న డబ్బాలో చేతిసంచిలోనే ఉంచుకుంటే, వేడినీళ్లు దొరికినచోటల్లా బాబుకు అలవాటైన రుచే అందుతుంది. పాపకు జూ చూపించే రోజు ఇంకేమీ పెట్టుకోవద్దని నా గట్టి సలహా.