పీడీఎఫ్ ప్రింట్ ఇస్తే పేజీకి బదులు ‘అఫెండింగ్ కమాండ్’ అని వస్తోంది, ఏం చేయాలి?

స్క్రీన్ మీద ఆ ఫైల్ బాగానే కనిపిస్తుంటే టెన్షన్ వద్దు. చాలాసార్లు ఆ పీడీఎఫ్‌ను పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటర్ భాషలోకి మార్చి ప్రింటర్‌కు పంపే దగ్గరే ఎక్కడో తడబడుతుంది. వచ్చిన కాగితం మాత్రం పారేయకండి. అందులో ‘ఎర్రర్’ పక్కనున్న మాటే ఆచూకీ: ‘వీఎంఎర్రర్’ అంటే మెమరీ చాలలేదని, ‘ఇన్వాలిడ్‌ఫాంట్’ అంటే ఫాంట్ గొడవని.

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ షాపులో కూర్చుంటాను, పెళ్లిళ్ల సీజన్‌లో ఫోన్లో పంపిన తెలుగు పత్రికలతో ఇది మాకు రోజూ ఉండే తలనొప్పే. ముందు అడోబ్ రీడర్‌లో ప్రింట్ నొక్కి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ టిక్ పెట్టండి. పేజీ మొత్తం బొమ్మలా వెళ్తుంది కాబట్టి ఫాంట్‌తో పనే ఉండదు, కాకపోతే నెమ్మది, సన్న అక్షరాలు కొంచెం మసకబారొచ్చు (పత్రికలో ముహూర్తం టైమ్ ఒకసారి సరిచూసుకోండి).

రోజూ ఇదే గోలైతే ప్రింటర్‌కు పీసీఎల్ (ఇది ఇంకో ప్రింటర్ భాష) డ్రైవర్ ఉందేమో చూసి అది వేయండి, పోస్ట్‌స్క్రిప్ట్ పీడే ఉండదు. వేరే ఫార్మాట్‌లోకి మార్చేటప్పుడు ఎర్రర్ వస్తుంటే, గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైల్‌ను మళ్లీ కొత్త పీడీఎఫ్‌గా రాయించి ప్రయత్నించండి. ఫాంట్ పీడీఎఫ్ లోపలే ఉందా లేదా అన్నది అడోబ్ రీడర్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్ చూస్తే తెలుస్తుంది, పేరు పక్కన ‘ఎంబెడెడ్’ అని లేకపోతే ఫాంట్‌తో సహా మళ్లీ పంపమని పంపినవాళ్లనే అడగండి.