నికోటిన్ లేని వేప్ (ఈ-సిగరెట్) తాగినా ఊరికే జలుబు, దగ్గు పట్టుకుంటాయా?

హైదరాబాద్‌లో జీరో నికోటిన్ వేప్ దొరికింది, వాడుతున్నాను, మూడు నెలల్లో రెండుసార్లు ఛాతీ పట్టేసింది, రెండింటికీ సంబంధం ఉందా అని అడిగారు. ఉండొచ్చు. నాకు జరిగింది చెబుతాను.

డాలస్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు సిగరెట్ మానడానికని వేప్ మొదలుపెట్టాను. కొన్నాళ్లకు మామిడిపండు ఫ్లేవర్ జీరోకి మారాను. నికోటిన్ లేదన్న ధీమాతో ఇక చేతిలోంచి దించితే ఒట్టు. ఆ చలికాలం మా ఫ్లాట్‌లో నలుగురికీ ఫ్లూ వచ్చింది. మిగతా ముగ్గురూ వారం తిరక్కుండానే లేచారు. నాకు మాత్రం జ్వరం తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఎక్స్‌రే తీస్తే కుడివైపు కింద నిమ్ము! తేరుకోవడానికి నెల పట్టింది.

అప్పుడు చదివాను. ఊపిరితిత్తుల చివర గాలి సంచుల్లో మాక్రోఫేజ్‌లనే కణాలు కాపలా ఉంటాయి. లోపలికొచ్చిన క్రిముల్ని మింగేసేవి అవే. సంచులు ముడుచుకుపోకుండా ఉంచే కొవ్వు పొర ఒకటి ఉంటుంది, అందులో పాతబడ్డదాన్ని ఎత్తిపోసేదీ అవే. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల వాళ్లు ఎలుకలకు నెలల తరబడి వేప్ ఆవిరి పట్టించారు, 2019లో ఫలితాలు బయటపెట్టారు. నికోటిన్ లేకుండా, వేప్ ద్రవంలో ముఖ్యంగా ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్‌ల ఆవిరి మాత్రమే పీల్చిన ఎలుకల్లో కూడా ఆ కాపలా కణాల నిండా కొవ్వు పేరుకుంది. ఆ కొవ్వు వేప్ ద్రవంలోది కాదు, ఊపిరితిత్తులదే. వాటికి ఫ్లూ సోకిస్తే ఊపిరితిత్తులు మామూలు ఎలుకలకన్నా బాగా దెబ్బతిన్నాయి. అంటే జీరో అన్న మాట మీద నేను పెట్టుకున్న నమ్మకం అక్కడే పోయింది.

ఫ్లేవర్ల సంగతి వేరే. దాల్చినచెక్క రుచినిచ్చే సినమాల్డిహైడ్, శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు కదలికను మందగింపజేస్తుందని కణాల మీద చేసిన పరీక్షల్లో తేలింది. బిర్యానీలో వేసుకుంటే అది పొట్టలోకి పోతుంది, ఇది నేరుగా ఊపిరితిత్తుల్లోకి.

ఎలుకల్లో జరిగిందల్లా మనుషుల్లో జరగాలని లేదు, నా నిమ్ముకు పాత సిగరెట్ల వాటా కూడా ఉండొచ్చు, ఒప్పుకుంటాను. కానీ మన దేశంలో 2019 నుంచి వేప్‌ల అమ్మకమే నిషేధం. మీకు దొరికింది దొంగసరుకే. దాని మీద జీరో అని రాసుంటే పూచీ ఎవరిది?

ముందు ఛాతీ డాక్టరుకు చూపించుకోండి, వేప్ సంగతి మీరే చెప్పండి. నన్ను మొదటిసారి "సిగరెట్ తాగుతారా?" అని మాత్రమే అడిగారు. మానేశాను కదా అని, లేదన్నాను.