టెస్టోస్టెరాన్, దూకుడు: నీ ప్రాజెక్టు గురించి

అమ్మా,

నీ ప్రపోజల్ పూర్తిగా చదివాను. టెస్టోస్టెరాన్ హార్మోన్ ఎక్కువున్న విద్యార్థుల్లో దూకుడు ఎక్కువని నిరూపిస్తానన్నావు. ఆ మాట కొట్టేసి, "సంబంధం ఉందో లేదో చూస్తాను" అని రాయి. జవాబు ముందే తేల్చుకుని దిగితే లెక్కలు కూడా అటే మొగ్గుతాయి.

2005లో ఆర్చర్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూస్తే ఈ సంబంధం 0.08 దగ్గర తేలింది (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం). అంత సన్నటి సంబంధాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే 1200 మందికి పైగా కావాలి. నీకు దొరికేది 40 మంది. అందుకే ప్రశ్న మార్చుకోమంటున్నాను. ఒకే మనిషి హార్మోన్‌ని పోటీకి ముందూ, తర్వాతా కొలిచి, ఆ మార్పు చూడు. మగపక్షులకు సవాలు ఎదురైనప్పుడు హార్మోన్ పెరుగుతుందని 1990లో వింగ్‌ఫీల్డ్ బృందం చెప్పిన ఆలోచన నీకు దారి చూపిస్తుంది. అక్కడా 40 మంది ఎక్కువేం కాదు, కానీ మనిషికీ మనిషికీ ఉండే తేడాల గొడవ తగ్గుతుంది.

ఇక హార్మోన్ కొలవడానికి తీసే ఉమ్మి నమూనాలు. చాలా ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది కాబట్టి అందరినీ మధ్యాహ్నం ఒకే వేళకి పిలువు. వచ్చేముందు పళ్లు తోముకోవద్దని చెప్పు. చిగుళ్ల నుంచి కాస్త రక్తం కలిసినా రీడింగ్ పెరుగుతుంది. ట్యూబు ఎర్రగా కనిపిస్తే మొహమాటపడకుండా పక్కన పెట్టెయ్. దూదితో తీయకు, దానివల్ల కూడా ఫలితం మారుతుంది. నోట్లో ఊరిన ఉమ్మిని నేరుగా ట్యూబులోకి వదలమని చెప్పి, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టు. ఆడవాళ్లవీ మగవాళ్లవీ విడిగా విశ్లేషించు. స్థాయిల్లో తేడా చాలా ఎక్కువ.

దూకుడు కొలవడానికి వాడే బస్, పెర్రీల ప్రశ్నావళిలోని 29 ప్రశ్నలు మనిషి తన గురించి తాను చెప్పుకునేవి. ప్రవర్తన చూడాలంటే పోటీలో ప్రత్యర్థికి ఎంత పెద్ద శబ్దం వినిపించాలో మనిషే ఎంచుకునే పరీక్ష పెట్టు. దాంట్లో స్కోరు రకరకాలుగా వేయొచ్చు, ఆ వెసులుబాటే ప్రమాదం, నచ్చిన జవాబు వచ్చే పద్ధతినే ఎంచుకోవాలనిపిస్తుంది.

ఇంకోటి. 2010లో వచ్చిన ఒక ప్రయోగంలో, తమకు టెస్టోస్టెరాన్ ఇచ్చారని నమ్మినవాళ్లు, నిజంగా ఇచ్చినా ఇవ్వకపోయినా, డబ్బు పంపకంలో మిగతావాళ్లకంటే అన్యాయంగా ప్రవర్తించారు. కాబట్టి పిలుపు నోటీసులో "దూకుడు" అన్న మాట రాయకు. అలా దాచడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకో, చివర్లో అందరికీ అసలు విషయం విడమరిచి చెప్పు. ఎవరి రీడింగ్ చూసీ "నువ్వు కోపిష్టివి" అని మాత్రం అనకు. ఆ అంకె అంత చెప్పదు.

మొదటి ట్యూబు తీయకముందే స్కోరు ఎలా వేస్తావో ఒక పేజీలో రాసి, తేదీ వేసి నాకు పంపు.