14 మంది అని చెప్పి 31 మందిని ఎక్కించారు, టూరు డబ్బు వెనక్కి అడగొచ్చా?

ప్రశ్న: చెన్నై పెరంబూర్‌లో ఉంటాం. నేనూ నా భార్యా ఉపాధ్యాయులుగా రిటైరయ్యాం. ఒక టూరు సంస్థ ఫిబ్రవరిలో ‘సముద్రతీర చరిత్ర అధ్యయన యాత్ర’ అని ఏడు రోజుల ప్రయాణం పెట్టింది. పులికాట్, సద్రాస్, పుదుచ్చేరి, తరంగంబాడి, నాగపట్నం, రామేశ్వరం, ధనుష్కోడి చూపిస్తామన్నారు. మనిషికి రూ.42,000. 14 మందికి మించి తీసుకెళ్లమని, చరిత్ర అధ్యాపకుడు ఏడు రోజులూ వెంట ఉండి తెలుగులో వివరిస్తారని, కురుసడై దీవికి బోటు ఉంటుందని బ్రోషర్‌లో రాశారు. తీరా 31 మందిని పెద్ద బస్సెక్కించారు. అధ్యాపకుడు పుదుచ్చేరిలో రెండు గంటలు మాట్లాడి వెళ్లిపోయారు. తరంగంబాడి కోటకు వెళ్లిన రోజు అక్కడి మ్యూజియానికి వారపు సెలవు. సముద్రం బాగోలేదంటూ దీవికి తీసుకెళ్లలేదు. గట్టిగా అడిగితే తలా రూ.5,000 వోచర్ ఇస్తామంటున్నారు. రసీదు వెనక ‘డబ్బు వాపసు లేదు, వివాదాలన్నీ కొచ్చి కోర్టుల పరిధిలోనే’ అని ఉంది. మాతో వచ్చిన మరో నాలుగు కుటుంబాలదీ ఇదే గోడు. మా వదిన తర్వాతి బ్యాచికి డబ్బు కట్టి, మోకాలి ఆపరేషన్ కారణంగా 25 రోజుల ముందే రద్దు చేసుకుంటే మొత్తం ఉంచేసుకున్నారు. మేం ఏం చేయాలి?

జవాబు: ముందుగా ఆ వోచర్ తీసుకోకండి. దాంతోపాటు ‘ఇక మాకు ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. ఆ ఒక్క సంతకంతో కేసు సగం పోతుంది. వాళ్లంతట వాళ్లు మీ ఖాతాలో కొంత డబ్బు వేస్తే, ‘నిరసనతో స్వీకరిస్తున్నాం, ఇది పూర్తి పరిష్కారం కాదు’ అని అదే రోజు ఈమెయిల్ పంపండి.

ఇక అసలు విషయం. ఈ దారిలో బస్సు టూర్లు చెన్నై నుంచి చాలానే ఉంటాయి. మీరు ఎక్కువ కట్టింది మూడు మాటలు నమ్మి: తక్కువ మంది, వెంట చెప్పే మనిషి, దీవి. తరంగంబాడి సంగతే చూడండి. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు డేన్స్‌తో ఒప్పందం చేసుకుని చోటిస్తే డాన్స్‌బోర్గ్ కోట లేచింది. తెలుగులో కావ్యాలు రాసిన రాజు, డెన్మార్క్ నుంచి వచ్చిన నౌకాధికారి ఓవ గిడ్డెతో ఆ ఇసుకతీరం గురించి బేరం కుదుర్చుకున్నాడన్న సంగతి గోడలు చూస్తే తెలియదు, ఒకరు చెప్పాలి. కోట కింది అంతస్తులో కమాను కప్పు గదులున్నాయి. సరుకు నిల్వకూ, ఖైదీలకూ వాడినవి. అలాంటి గదిలో 14 మంది నిలబడి ఒకరి మాట వినగలరు. 31 మంది వెళ్తే సగం మంది గుమ్మం బయటే ఉండిపోతారు. కాబట్టి ‘14 మంది’ అన్న అంకె ఆ సేవలో అసలు భాగమే. ఈ మాట మీ ఫిర్యాదు మొదటి పేజీలోనే ఉండాలి. వినియోగదారుల రక్షణ చట్టం-2019 సెక్షన్ 2(11) ప్రకారం ఒప్పుకున్న నాణ్యతలో, తీరులో తక్కువ చేయడం సేవాలోపం. ఇవ్వని దాన్ని ఇస్తామని ప్రచారం చేసుకోవడం సెక్షన్ 2(28) కింద తప్పుదోవ పట్టించే ప్రకటన.

అవతలి వాళ్లు ఏమంటారో ఇప్పుడే ఊహించుకోండి. ‘ఏడు రోజులు తిప్పాం, తిండి పెట్టాం, గదులిచ్చాం, ఇప్పుడు మొత్తం డబ్బు అడుగుతున్నారు’ అంటారు. అందులో కొంత న్యాయం ఉంది. వాడుకున్న సేవకు పైసా కూడా ఇవ్వనంటే, ఇలాంటి ఫిర్యాదులు విచారించే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోదు. కనుక రూ.84,000 మొత్తం అడగొద్దు, తేడా అడగండి. ఇదే దారిలో, ఇదే స్థాయి హోటళ్లతో, వెంట అధ్యాపకుడు లేని మామూలు టూరుకు ఎంతవుతుందో రెండు వేరే సంస్థల నుంచి రాతపూర్వకంగా కొటేషన్ తెచ్చుకోండి. ఉదాహరణకు అది మనిషికి రూ.24,000 అని తేలితే, మిగతా రూ.18,000 ఆ మూడు మాటల ఖరీదు. ఇద్దరికీ కలిపి రూ.36,000. దాని మీద వడ్డీ, మానసిక క్షోభకు మితంగా ఒక మొత్తం, కేసు ఖర్చులు. మానసిక క్షోభకు పది లక్షలు అని రాసేవాళ్లున్నారు. అలా రాస్తే పక్కనున్న నిఖార్సైన లెక్కకు కూడా విలువ పోతుంది.

దీవి విషయంలో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. నిజంగా వాతావరణ హెచ్చరిక ఉండి బోటు ఆపితే తప్పు పట్టలేం. అందరి ప్రాణాలూ ముఖ్యం. అయినా ఖర్చు కాని బోటు డబ్బును వాళ్లు ఉంచుకోవడానికి ఆధారం లేదు. కానీ ఫిబ్రవరి నాటికి ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయి ఉంటాయి కాబట్టి ఆ మాట పరీక్షించాల్సిందే. కురుసడై, మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానంలోని 21 దీవుల్లో ఒకటి. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం అక్కడ అడుగు పెట్టాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి తెచ్చే బాధ్యత టూరు నిర్వాహకుడిదే. అనుమతి కోసం అడగనే అడగకుండా ‘సముద్రం బాగోలేదు’ అంటే, తాను చేయని పనిని గాలివాన మీదకు నెట్టినట్టే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 56 కింద ‘అసాధ్యమైంది’ అని తప్పించుకోవడానికి అది పనికిరాదు.

ఇది తేల్చడానికి రూ.10 చాలు. రామనాథపురం అటవీ అధికారులకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఫలానా తేదీన కురుసడైకి పర్యాటకుల బోట్లు నడిచాయా, నడవకపోతే కారణమేమిటి, ఈ సంస్థ పేరిట అనుమతి దరఖాస్తు వచ్చిందా అని అడగండి. మూడో ప్రశ్నకు ‘ఇది మూడో వ్యక్తి సమాచారం’ అని అభ్యంతరం రావచ్చు. అందుకే మొదటి రెండూ విడివిడిగా అడగాలి. జవాబుకు గడువు 30 రోజులు. దాంతోపాటు ఆ తేదీకి చెన్నై ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఇచ్చిన మత్స్యకారుల హెచ్చరిక ఉందేమో చూసి, దొరికితే దాచండి. అది మీకు వ్యతిరేకంగా ఉన్నా ముందే తెలియడం మంచిది.

మ్యూజియం సెలవు చిన్న విషయం. దాని ఒక్కదాని మీద కేసు నిలవదు. ఎవరైనా ముందే తెలుసుకోగల వారపు సెలవు రోజునే అక్కడికి తీసుకెళ్లడం ప్రణాళికలో నిర్లక్ష్యానికి సాక్ష్యం, అంతే. ఒక పేరాలో రాసి వదిలేయండి.

రసీదు వెనక అక్షరాలకు భయపడొద్దు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34(2)(డి) ప్రకారం ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే చోటే కేసు వేయొచ్చు. కొచ్చి అని అచ్చు వేసుకున్నా ఆ హక్కు పోదు. చెన్నైలో ఉత్తరం, దక్షిణం అని రెండు జిల్లా కమిషన్లున్నాయి, మీ చిరునామా ఏ పరిధిలోకి వస్తుందో చూసుకుని అక్కడ వేయండి. ‘వాపసు లేదు’ అన్న షరతు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేసినప్పుడు పనికొస్తుంది. మాట తప్పినవాడికి అది కవచం కాదు.

నాలుగు కుటుంబాలూ కలిసి వేయొచ్చా అంటే, వేయొచ్చు. బెంగళూరు అపార్ట్‌మెంట్ల కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, కొందరు వినియోగదారులు కలిసి తమ వరకే ఉమ్మడి ఫిర్యాదు వేసుకోవచ్చని చెప్పింది. మొత్తం 31 మంది తరఫున అంటే సెక్షన్ 35(1)(సి) కింద ముందు అనుమతి, అందరికీ నోటీసు లాంటి తతంగం వచ్చి పడుతుంది. మీ ఐదు కుటుంబాల పేర్లే రాయండి. ఫీజు మీరు కట్టిన సొమ్మును బట్టి ఉంటుంది. కుటుంబానికి ఇద్దరు చొప్పున అయితే మొత్తం రూ.4,20,000. రూ.5 లక్షల వరకూ ఫీజు లేదు.

ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది ప్రతివాది పేరు దగ్గర. బ్రోషర్ మీద ఉండేది చాలాసార్లు వ్యాపారపు పేరే. దాని మీద ఆర్డరు తెచ్చుకుని, అమలుకు వెళ్లేసరికి ఆ పేరుతో చట్టం ముందు ఎవరూ ఉండరు. మీ బిల్లు మీద ఉన్న జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొడితే అసలు పేరు, వ్యాపార రకం వస్తాయి. ప్రొప్రయిటర్ అయితే ఆ మనిషి పేరు, భాగస్వామ్యమైతే సంస్థతోపాటు భాగస్వాములు, కంపెనీ అయితే కంపెనీ ప్రతివాదులు కావాలి. బిల్లే ఇవ్వకపోతే, డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తుంది.

సాక్ష్యాలు ఈ రోజే భద్రపరచండి. బ్రోషర్ పీడీఎఫ్, డబ్బు కట్టిన రుజువు, టూరు వాట్సాప్ గ్రూపు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. గ్రూపులోంచి వాళ్లు మిమ్మల్ని తీసేయకముందే సభ్యుల జాబితా స్క్రీన్‌షాట్ తీయండి. 31 అన్న అంకెకు అదే మొదటి సాక్ష్యం. బస్సు పక్కన తీసుకున్న గ్రూపు ఫొటో ఉంటే మరీ మంచిది, తలలు లెక్కపెట్టొచ్చు. ఫోన్లోవన్నీ ఎలక్ట్రానిక్ రికార్డులే కాబట్టి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ జతచేయండి. దాంట్లో రెండు భాగాలుంటాయి, రెండోది నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అంత బిగుతుగా పట్టుకోవు గానీ, అది ఉంటే అవతలి వకీలుకు ఒక అభ్యంతరం తగ్గుతుంది. ఇంకొక మాట, చెన్నైలో ఉన్న మన తెలుగువాళ్లు తరచూ మరిచిపోయేది: తెలుగు మెసేజీలను అలాగే పెడితే కమిషన్ సభ్యులు చదవలేరు. ప్రతి మెసేజీ కింద ఇంగ్లీషు అనువాదం టైపు చేయించి, అది సరైనదని అఫిడవిట్‌లో చెప్పండి.

ముందు 15 రోజుల గడువుతో నోటీసు పంపండి, స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్లోనూ. చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు, కానీ సగం వివాదాలు అక్కడే తేలుతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేయొచ్చు. వాళ్లు సంస్థతో మాట్లాడతారే తప్ప డబ్బు ఇప్పించే ఆర్డరు ఇవ్వలేరు. కదలిక లేకపోతే, వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేయండి, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందాక ప్రతివాదికి జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ దయ చూపితే మరో 15. అంతకు మించి ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అందుకని ఆ తేదీ డైరీలో రాసుకోండి. మధ్యవర్తిత్వం అడిగితే ఒప్పుకోండి, ఇలాంటి లెక్కల తగాదాలకు అది బాగా పనిచేస్తుంది. మూడు నెలల్లో తీర్పు రావాలని చట్టం అంటుంది. వాయిదాలతో అంతకంటే ఎక్కువే పడుతుందని మనసును సిద్ధం చేసుకోండి. ఆర్డరు వచ్చాక కూడా కట్టకపోతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 72 కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే వీలుంది. పోలీసు ఫిర్యాదు మాత్రం ఇక్కడ వద్దు. టూరు జరిగింది కనుక మొదటి నుంచీ మోసగించే ఉద్దేశముందని రుజువు చేయడం కష్టం.

మీ వదినగారి సంగతి వేరు. అక్కడ ఒప్పందం వదులుకున్నది ఆవిడ, కనుక కొంత కోత న్యాయమే. ఎంత అన్నదే ప్రశ్న. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, కాగితం మీద ఎంత రాసుకున్నా దక్కేది సహేతుకమైన పరిహారమే. నష్టం రుజువు చేయగలిగిన చోట రుజువు చేయాల్సిందేనని 2015లో సుప్రీంకోర్టు కైలాశ్‌నాథ్ కేసులో చెప్పింది. 25 రోజుల ముందు ఖాళీ అయిన సీటు మళ్లీ అమ్ముడైందా, హోటల్‌కు రద్దు రుసుం నిజంగా కట్టారా, బిల్లులు చూపించమని రాతపూర్వకంగా అడగమనండి. చూపించినంత ఉంచుకుని మిగతాది ఇవ్వమనడమే ఆవిడ అడగాల్సింది. ‘జీఎస్టీ కట్టేశాం, అది రాదు’ అంటే ఒప్పుకోవద్దు. అడ్వాన్సు తీసుకుని సేవ ఇవ్వనప్పుడు రిఫండ్ వోచర్ (డబ్బు తిరిగిచ్చినట్టు పత్రం) రాసే ఏర్పాటు జీఎస్టీ చట్టం సెక్షన్ 31లోనే ఉంది. ‘వాపసు లేదు’ అన్న షరతునే చెల్లదని ప్రకటించమంటే, అన్యాయమైన కాంట్రాక్టుల పరిధి రాష్ట్ర కమిషన్‌ది. ఇంత చిన్న మొత్తానికి అంత దూరం వెళ్లనక్కర్లేదు, జిల్లా కమిషన్‌లో అధిక కోత వాపసు మాత్రమే అడిగితే సరిపోతుంది. ఆవిడ ఫిర్యాదు మీదాంట్లో కలపొద్దు, వేరుగా వేయించండి. కాలపరిమితి ఇద్దరికీ రెండేళ్లు: మీకు టూరు ముగిసిన రోజు నుంచి, ఆవిడకు వాపసు ఇవ్వబోమని సంస్థ చెప్పిన రోజు నుంచి లెక్క. ఈలోపు సంస్థతో ఎన్ని ఉత్తరాలు నడిచినా ఆ గడియారం ఆగదు.